రక్త క్యాన్సర్‌కి ఇండక్షన్ (మొదటి దశ కీమో) అయి బాబు ఇంటికొస్తున్నాడు. జ్వరం, మాత్రల సంగతి చెప్పండి

వాడి_పిన్ని:
మా అక్క కొడుక్కి ఆరేళ్లు. బీ-సెల్ ఏఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్. ఇండక్షన్ అయింది, చేతికి పిక్ లైన్ (మందులెక్కించే సన్నని గొట్టం) అలాగే ఉంచి ఇంటికి పంపుతున్నారు. కొన్నాళ్లు నేనే దగ్గరుండి చూడాలి. కాగితం మీద ‘జ్వరం వస్తే వెంటనే రావాలి’ అని ఒక్క ముక్క రాశారు. వెంటనే అంటే ఎంతలోపు? పారాసిటమాల్ వేసి ఓ గంట చూడొచ్చా? ఏఎన్‌సీ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్ కణాల లెక్క) ఎంతని అందరూ అడుగుతున్నారు, రిపోర్టులో ఆ మాటే లేదు. తర్వాతి మెయింటెనెన్స్ దశలో ఇంట్లో వేసే మాత్రల గురించి కూడా ముందే తెలిస్తే మంచిది.

వార్డు_సిస్టర్:
పారాసిటమాల్ వేసి చూడటం అసలు వద్దండి. ఒళ్లు చల్లబడుతుంది, రక్తంలో ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. సాధారణంగా ఒక్కసారి 38.3 (ఫారెన్‌హీట్‌లో 101) వచ్చినా, 38 (100.4) గంటసేపు నిలిచినా బయల్దేరాల్సిందే. కొన్నిచోట్ల 38కే రమ్మంటారు. మీవాళ్ల అంకె ఏదో అడిగి తలుపు మీద రాసిపెట్టుకోండి. ఆసుపత్రి చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ లోపలికి పోవాలి. అందుకే ఎమర్జెన్సీలో నోరు తెరవగానే ‘కీమో నడుస్తోంది, లైన్ ఉంది, జ్వరం’ అనండి. మిగతా కథంతా తర్వాత. డిశ్చార్జి సమ్మరీ, చివరి రిపోర్టు, మందుల జాబితా ఒక సంచిలో సిద్ధంగా ఉండాలి.

స్టెరాయిడ్ మీద ఉన్న పిల్లాడికి జ్వరం బయటపడకపోవచ్చు. మత్తుగా పడుకున్నా, చేతులూ కాళ్లూ చల్లబడినా థర్మామీటర్ మాట నమ్మి కూర్చోకండి. లైన్ ఫ్లష్ చేసిన (సెలైన్ ఎక్కించి కడిగిన) కాసేపటికే వణుకు పుట్టిందంటే లైన్‌నే అనుమానించాలి. మలద్వారంలో థర్మామీటర్, సపోజిటరీ పెట్టకూడదు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ కూడా వద్దు, ప్లేట్‌లెట్ల గొడవ.

ఏఎన్‌సీ మీరే లెక్కేసుకోవచ్చు. తెల్లకణాలు 1,200, న్యూట్రోఫిల్స్ 30 శాతం అనుకోండి, 360. బ్యాండ్స్ (ఇంకా పూర్తిగా ఎదగని న్యూట్రోఫిల్స్) అని విడిగా ఉంటే ఆ శాతం కూడా కలపాలి. 500 లోపు ఉంటే ప్రమాదం బాగా ఎక్కువ.

మాత్రల_డబ్బా:
మెయింటెనెన్స్‌లో మెర్‌క్యాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. ఈ రెండోది పొరపాటున రోజూ వేస్తే నోరంతా పుండ్లు పడి, మూలుగ పనిచేయడం మానేసి, ప్రాణం మీదకొస్తుంది. అచ్చం ఈ పొరపాటే పదే పదే జరుగుతుంటుంది. వారం పేరు, ఉదాహరణకు ‘గురువారం మాత్రమే’ అని, స్ట్రిప్ మీదే రాసి, మిగతా మందులతో కలపకుండా వేరే కవర్లో పెట్టండి. మాత్రలు ఒకరి చేతి మీదుగానే పోవాలి. ఇద్దరూ వేస్తే రెండుసార్లు పడతాయి.

ఇంకొకటి: మెథోట్రెక్సేట్‌లో 2.5 మి.గ్రా., 10 మి.గ్రా. రెండూ ఉంటాయి. 15 మి.గ్రా. అంటే 2.5వి ఆరు. కొత్త స్ట్రిప్‌లో 10వి వచ్చినా అలవాటుగా ఆరే వేస్తే 60 అవుతుంది. కొన్న ప్రతిసారీ మి.గ్రా. చదవండి.

మాత్ర తప్పితే మర్నాడు రెండు వేయకండి. కక్కేస్తే మళ్లీ వేయాలో లేదో ఫోన్ చేసి అడగండి. సగం చేయాలంటే గ్లవ్స్ వేసుకోవాలి, పొడి చేసి గాల్లో కలపొద్దు. కౌంట్లు మరీ పడిపోతుంటే ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ పరీక్షలు చేశారా అని అడగండి. ఆ జన్యువుల్లో తేడా ఉన్న పిల్లలకి మామూలు డోసే ఎక్కువవుతుంది. అలాగని మీ అంతట మీరు ఆపకండి. మాత్రలు తరచూ తప్పిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ.

వాడి_పిన్ని:
చాలా థాంక్సండి. ఇంట్లో చిన్నపాపకి పోలియో చుక్కలు వేయించాలి, ఫర్వాలేదా? వీడేమో స్టెరాయిడ్‌తో ఊరికే కోపం తెచ్చుకుంటున్నాడు, రాత్రుళ్లు నిద్ర లేదు.

వార్డు_సిస్టర్:
చుక్కలు వద్దు, ఇంజెక్షన్ రూపంలో ఉన్నది వేయించండి. చుక్కల్లోది బతికున్న వైరస్, మలంలో బయటికొస్తుంది. పాపకి మిగతా టీకాలు ఆపకండి, ఎంఎంఆర్ కూడా వేయించొచ్చు. బాబుకి మాత్రం బతికున్న టీకా ఏదీ వద్దు. ఆటలమ్మ ఉన్నవాళ్ల దగ్గర కూర్చున్నాడని తెలిస్తే, పొక్కులు వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి.

కోపం మందుదే, వాడిది కాదు. స్టెరాయిడ్ రెండో డోసు సాయంత్రం తొందరగా వేయొచ్చా అని అడగండి, నిద్రకి కాస్త నయం. స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపకూడదు. విన్‌క్రిస్టిన్ అనే కీమో ఇంజెక్షన్ వల్ల మలబద్ధకం వస్తుంది, రెండు రోజులు విరేచనం కాకపోతే చెప్పండి. పాదం ఈడ్చి నడిచినా చెప్పండి.

లైన్ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి. డ్రెస్సింగ్ తడిస్తే వారం దాకా ఆగకుండా అప్పుడే మార్పించాలి. గొట్టం చీలితే, చీలిక కంటే ఒంటికి దగ్గరగా మడిచి గట్టిగా పట్టుకుని బయల్దేరండి.