"నిష్పక్షపాతంగా చూద్దాం" అనుకుంటే సరిపోతుందా? మన మొగ్గును మనమే కొలుచుకునే పద్ధతులు ఏవి?

ప్రశ్న: కృష్ణాతీరం

పత్రికలో వార్త కావచ్చు, ఎల్బీడబ్ల్యూ నిర్ణయం కావచ్చు, ఎన్నికల ఫలితం కావచ్చు, ఏదో మందు మీద వచ్చిన పరిశోధన కావచ్చు. వాదన కాసేపటికి ఒకే చోటికి చేరుతోంది: "మీరు ముందే ఒక పక్షం పట్టారు." ఎదుటివారి పక్షపాతం ఇట్టే కనబడుతుంది. మనది మాత్రం పక్షపాతంలా అనిపించదు, ఉన్నదున్నట్టు చూస్తున్నామనే అనిపిస్తుంది.

తెలిసినవారు మూడు విషయాలు చెప్పగలరా? నిష్పక్షపాతంగా ఉండాలని గట్టిగా అనుకుని చదివితే తేడా వస్తుందా? సొంత మొగ్గు ఎటు ఉందో, ఎంత ఉందో అంకెల్లో తెలుసుకోవచ్చా? తెలుగు పత్రికల్లో ఒక వార్తను "అది ఫలానా పార్టీ పత్రిక" అని పక్కన పడేయకుండా చదవాలంటే ఎక్కడెక్కడ చూడాలి?

జవాబు: తర్కశాల

మొదటి ప్రశ్నకు ప్రయోగాల్లో తేలిన జవాబు ఉందండి. అనుకుంటే రాదు.

1979లో చార్లెస్ లార్డ్, లీ రాస్, మార్క్ లెపర్ 48 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. సగం మంది మరణశిక్షకు అనుకూలం, సగం మంది వ్యతిరేకం. అందరికీ రెండేసి అధ్యయనాలు చదవమని ఇచ్చారు. అవి ప్రయోగం కోసం కల్పించినవి. ఒకటి, అమెరికాలో 14 రాష్ట్రాల్లో మరణశిక్ష రాకముందు ఏడాదినీ వచ్చిన తర్వాతి ఏడాదినీ పోల్చింది. రెండోది, పక్కపక్కనే ఉన్న రాష్ట్రాలను 10 జంటలుగా తీసుకుని పోల్చింది. ఒకదాని ప్రకారం శిక్ష వల్ల హత్యలు తగ్గుతాయి, ఇంకోదాని ప్రకారం తగ్గవు. ఏ పద్ధతికి ఏ ఫలితం జతచేయాలన్నది కొందరికి ఒకలా, కొందరికి తిప్పి ఇచ్చారు. రెండు పక్షాలూ తమకు నచ్చిన ఫలితం వచ్చిన అధ్యయనాన్ని బాగా చేశారన్నాయి, నచ్చని దాంట్లో లోపాలు ఏకరువు పెట్టాయి. అంటే పద్ధతి మంచిదా కాదా అన్నది ఫలితాన్ని బట్టి మారిపోయింది. పైగా అవే కాగితాలు చదివిన రెండు పక్షాలూ, మా నమ్మకం ఇప్పుడు ఇంకా గట్టిపడింది అన్నాయి.

అసలు పనికొచ్చేది 1984 నాటి ప్రయోగం. లార్డ్, లెపర్, ఎలిజబెత్ ప్రెస్టన్ అదే పరీక్ష మళ్లీ పెట్టారు. ఒక గుంపుకు న్యాయమూర్తి స్థానంలో ఉన్నట్టు భావించి నిష్పాక్షికంగా తూచమని చెప్పారు. ఏమీ మారలేదు. మరో గుంపుకు, "ఇదే అధ్యయనం, ఇదే పద్ధతి, ఫలితం మాత్రం ఎదురుగా వచ్చి ఉంటే అప్పుడూ ఇలాగే అంచనా వేసేవారా?" అని అడుగడుగునా ప్రశ్నించుకోమన్నారు. ఈ గుంపులో ఆ మొగ్గు పోయింది.

ఇంట్లో చేసుకునే తీరు ఇది. పరిశోధన గురించిన కథనాన్ని మీ చేతికి ఇచ్చేముందు ఇంకొకరితో ఫలితం చెప్పే వాక్యాలు కప్పించండి. ఎంతమందిని తీసుకున్నారు, దేనితో పోల్చారు, ఎన్నాళ్లు చూశారు అన్నవి మాత్రం చదివి పద్ధతికి పదికి ఇన్ని అని మార్కు వేయండి, లోపాలు రాయండి. అప్పుడు ఫలితం తెరవండి. మార్కు మార్చాలనిపిస్తే మార్చండి, కానీ పాతది కొట్టేయొద్దు. ఆ రెండు మార్కుల తేడాయే మీరు అడిగిన అంకె. ఒక్క కథనంతో తేలదు, ఇరవై చేస్తే ఎటు వాలుతున్నారో తెలుస్తుంది.

శీర్షికలోనే ఫలితం చెప్పేస్తే ఈ పద్ధతి చెడుతుంది. అలాంటప్పుడు ఎదురు ఫలితాన్ని పూర్తి వాక్యంగా కాగితం మీద రాసి, దాన్ని పెట్టుకుని చదవాలి. మనసులో అనుకుంటే చాలదు. మనసులో మనం ఊహించుకునే ఎదుటివాదం ఎప్పుడూ ఓడిపోవడానికి సిద్ధంగానే ఉంటుంది.

జవాబు: షార్ట్‌లెగ్

రెండో ప్రశ్నకు క్రికెట్ అంత వీలైన చోటు ఇంకోటి లేదు. మనిషి నిర్ణయం పక్కనే బంతి దారి చూపే యంత్రం లెక్క కూడా వస్తుంది మరి.

బౌల్డ్‌లో ఊహించడానికి ఏమీ ఉండదు. ఎల్బీడబ్ల్యూలో బంతి లెగ్ స్టంప్ అవతల పడిందా, ముందు బ్యాట్‌కు తగిలిందా, ప్యాడ్‌కు తగిలినప్పుడు స్టంప్‌ల వరసలో ఉందా అన్నవి జరిగిన సంగతులు. ప్యాడ్ అడ్డం రాకపోతే వికెట్లకు తగిలేదా అన్నది మాత్రం జరగనిది. మొగ్గు దూరేది ఎక్కువగా అక్కడే. 1986 నుంచి 2012 దాకా 1000 టెస్టుల లెక్క తీసిన ఒక అధ్యయనంలో, అంపైర్లిద్దరూ ఆతిథ్య దేశం వారైనప్పుడు పర్యాటక జట్టు బ్యాటర్లకు ఎల్బీలు ఆతిథ్య జట్టు కంటే సుమారు 16 శాతం ఎక్కువ. ఒకరు తటస్థులైతే సుమారు 10 శాతం. ఇద్దరూ తటస్థులైతే ఆ తేడా లేదు. టెస్టుల్లో 1994 నుంచి ఒక తటస్థ అంపైర్, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే అన్న నియమం ఎంత పని చేసిందో ఇందులో కనబడుతుంది.

దీన్ని అంపైర్ల నిజాయితీకి ముడిపెట్టకండి. గోలకే మనిషి చెవి వంగుతుంది. ఇంగ్లండ్‌లో నెవిల్, బామర్, విలియమ్స్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో 40 మంది అర్హత గల ఫుట్‌బాల్ రిఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్ నుంచి 47 ఘట్టాలు చూపించారు. కొందరికి ప్రేక్షకుల శబ్దంతో, మిగతావారికి మూగగా. శబ్దం విన్నవారు సొంతగడ్డ జట్టు మీద ఫౌల్‌లు 15.5 శాతం తక్కువ ఇచ్చారు. గమనించాల్సింది ఏమిటంటే, పర్యాటక జట్టు మీద అదనంగా ఈల వేయలేదు, సొంత జట్టు మీద వేయాల్సిన ఈల వేయలేదు. ఇచ్చిన తప్పుడు నిర్ణయం పది మందీ చూస్తారు. ఇవ్వకుండా వదిలేసింది ఎవరూ లెక్కపెట్టరు.

డీఆర్‌ఎస్‌తో, అంటే అంపైర్ నిర్ణయాన్ని యంత్రంతో సమీక్షించే పద్ధతితో, మొగ్గు అంతా పోయిందనుకోవడం కూడా సరికాదు. బంతిలో సగం కంటే తక్కువ భాగం వికెట్లకు తగులుతుందని యంత్రం చూపిస్తే అంపైర్స్ కాల్, అంటే మైదానంలో ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది. ఒకేలాంటి రెండు బంతుల్లో ఒకటి అవుట్, ఒకటి నాటౌట్ కావచ్చు. ఆ సన్నని అంచులో మనిషి మొగ్గుకు ఇంకా చోటుంది. 2020లో కోవిడ్ ప్రయాణాల చిక్కుతో ఐసీసీ మళ్లీ స్థానిక అంపైర్లను అనుమతించినప్పుడు టెస్టు ఇన్నింగ్స్‌కు రివ్యూలు రెండు నుంచి మూడుకు పెంచింది.

ఇక మీ కొలత. మీరు చూడని, ఫలితం గుర్తులేని మ్యాచ్ రికార్డింగ్ కావాలి. శబ్దం పూర్తిగా ఆపండి. రివ్యూ దాకా వెళ్లిన ఎల్బీలనే తీసుకోండి. బంతి పడ్డాక అంపైర్ వేలు కనబడకముందే ఆపి, అవుట్ అనో నాటౌట్ అనో రాయండి. తర్వాత బాల్ ట్రాకింగ్ చూసి సరిపోల్చండి. అంపైర్స్ కాల్ వచ్చినవన్నీ తీసేయండి, అక్కడ తప్పొప్పులు తేలవు. బ్యాట్ అంచు తగిలినవీ తీసేయండి, శబ్దం ఆపాం కాబట్టి మీకు అన్యాయం జరుగుతుంది. మిగిలిన తప్పుల్లో మీ జట్టుకు మేలు చేసే తప్పులు ఒక గడిలో, కీడు చేసేవి ఇంకో గడిలో వేయండి. చూపు లోపం ఒక్కటే అయితే రెండు గడులూ దాదాపు సమానంగా నిండుతాయి. కనీసం 50 అప్పీళ్లు పోగుపడేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు.

జవాబు: రాత్రిడెస్క్

ఈల వేయకుండా వదిలేసిన ఫౌల్ అన్న మాట పత్రికకు అచ్చంగా వర్తిస్తుంది. ముందు పాఠకుడి సంగతి. 1985లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన వలోన్, రాస్, లెపర్ 1982 నాటి సబ్రా, షటీలా ఊచకోతల మీద వచ్చిన ఒకే టీవీ వార్తలను ఇజ్రాయెల్ అనుకూలులకూ అరబ్బుల అనుకూలులకూ చూపించారు. అవే వార్తలు చూసి రెండు వర్గాలూ "ఇది మాకు వ్యతిరేకం" అన్నాయి. కాబట్టి వార్త మీద కోపం వచ్చినంత మాత్రాన అది పక్షపాత వార్త కాదు. కాగితం మీద చూపించగలగాలి.

ఒకే ఘటన మీద రెండు పత్రికల వార్తలు తీసుకోండి. ముందుగా మాట్లాడిన ప్రతి మనిషి పక్కన ఉన్న క్రియ కింద గీత గీయండి. అధికారి "స్పష్టం చేశారు" అంటే నమ్మమని పత్రిక చెబుతోంది, "బుకాయించారు" అంటే వద్దంటోంది. ఒకే విమర్శకు ఒక చోట "నిలదీశారు", ఇంకో చోట "అక్కసు వెళ్లగక్కారు". అన్నింటినీ కొట్టేసి "అన్నారు" పెట్టి మళ్లీ చదవండి. "అధికార వర్గాలు", "విశ్వసనీయ సమాచారం", "పలువురు" అన్నచోట పేరున్న మనిషి గానీ, జీవో నంబర్ గానీ, కోర్టు ఉత్తర్వు గానీ లేకపోతే ఆ వాక్యమూ తీసేయండి. అరపేజీ వార్త కొన్నిసార్లు నాలుగు వాక్యాలకు వస్తుంది.

తర్వాత, మొదటి పత్రికలో మాత్రమే ఉన్న నిజాలు, రెండోదాంట్లో మాత్రమే ఉన్నవి, రెండింట్లోనూ లేనివి విడివిడిగా రాయండి. మూడోది అందరూ వదిలేస్తారు, అదే ముఖ్యం. ఆరోపణ ఎదుర్కొన్నవారి వివరణ, కోట్ల లెక్క చెప్పినప్పుడు ఎన్నేళ్లకు, ఎంత బడ్జెట్‌లో అన్నది సాధారణంగా అక్కడే దొరుకుతాయి. మెయిన్ ఎడిషన్‌లో వేశారా, జిల్లా పేజీలకు పంపారా కూడా చూడండి. జిల్లా పేజీల్లో వేస్తే "మేం వేశాం" అని చెప్పుకోవచ్చు, పక్క జిల్లాకు మాత్రం తెలియదు. కేసు పెట్టినప్పుడు బ్యానర్ అయిన వార్త, కొట్టేసినప్పుడు సింగిల్ కాలమ్ అవుతుందా అన్నది నెలల మీద గమనించాల్సిన పని. ఒక్క రోజు పత్రికతో ఇది పట్టుకోలేరు.

రాజకీయాలకు తర్కశాల గారి తిప్పే పద్ధతి వాడాలంటే మన దగ్గరే సరైన అంకె ఉంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 సీట్లు. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 39 శాతం ఓట్లు, 11 సీట్లు. "ప్రజలు తిరస్కరించారు" అని ఒకసారి, "పదిమందిలో నలుగురు ఇంకా వెంటే ఉన్నారు" అని ఇంకోసారి రాసినవారు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. మీరు ఆ రెండు ఏళ్లలో ఏం అన్నారో పక్కపక్కన రాసి పార్టీ పేర్లు మార్చి చదవండి. 2024లో గెలిచినవి కూటమిగా పోటీచేసిన మూడు పార్టీలు, 2019లో జనసేన విడిగా నిలబడింది, పోలిక సరిపోదు అనవచ్చు. నిజమే. కానీ ఆ అభ్యంతరం మీకు రెండుసార్లూ గుర్తొచ్చిందా, ఒక్కసారేనా అన్నదే పరీక్ష.

జవాబు: హారం

పైవన్నీ ఒప్పుకుంటూనే ఒక హెచ్చరిక. లెక్కలు బాగా వచ్చినవాళ్లకు ఈ జబ్బు తక్కువ అనుకోకండి.

డాన్ కహన్ బృందం 2013లో ఇచ్చిన పట్టిక చూడండి. చర్మానికి క్రీమ్ రాసుకున్నవారిలో 223 మందికి తగ్గింది, 75 మందికి ముదిరింది. రాసుకోనివారిలో 107 మందికి తగ్గింది, 21 మందికి ముదిరింది. 223 పెద్ద అంకె కాబట్టి క్రీమ్ పనిచేసిందని చాలామంది అంటారు. భాగహారం చేస్తే రాసుకున్నవారిలో తగ్గింది 298లో 223, సుమారు 75 శాతం. రాసుకోనివారిలో 128లో 107, సుమారు 84 శాతం. క్రీమ్ రాసుకోనివారే నయం. లెక్కలు వచ్చినవారు దీన్ని ఎక్కువగా సరిగ్గా చేశారు. అవే అంకెలకు తుపాకుల నిషేధం, నేరాలు అని పేరు మార్చి ఇస్తే, లెక్కలు వచ్చినవారు కూడా జవాబు తమ రాజకీయానికి నప్పినప్పుడే ఎక్కువగా సరిగ్గా చేశారు. పైపైన చూస్తే నచ్చిన జవాబే కనబడినప్పుడు భాగహారం దాకా వెళ్లలేదు. అందుకే నచ్చిన అంకె కనబడినప్పుడే హారం, అంటే మొత్తం ఎంతమందిలో అన్న అంకె, వెతకాలి. నచ్చనిదానికి ఎలాగూ వెతుకుతాం.

సైన్స్‌లోనూ అంతే. నల్లటి చర్మం ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్లకు రిఫరీలు రెడ్ కార్డులు ఎక్కువ ఇస్తారా అన్న ప్రశ్నకు ఒకే డేటాను 29 పరిశోధక బృందాలకు ఇచ్చారు (ప్రచురణ 2018). 20 బృందాలకు గణాంకపరంగా నిలిచే తేడా కనబడింది, 9 బృందాలకు లేదు. ఎవరూ మోసం చేయలేదు. ఆటగాడి స్థానం, లీగ్, రిఫరీ వంటివాటిలో ఏవి లెక్కలోకి తీసుకోవాలన్న ఎంపికలోనే జవాబు మారింది. అందుకని ఆ ఎంపికలు డేటా తెరవకముందే రాసి, తేదీ వేసి నమోదు చేయాలి. గురుత్వ తరంగాలు వెతికే లైగో వాళ్లు ఇంకా ముందుకెళ్లారు. 2010 సెప్టెంబర్‌లో కొద్దిమందికే తెలిసేలా నకిలీ సంకేతాన్ని యంత్రంలోకి పంపారు. మిగతావారు అది నిజమేమో అన్నట్టుగానే విశ్లేషణ పూర్తిచేసి, పరిశోధనా పత్రం కూడా సిద్ధం చేశాక 2011 మార్చిలో అసలు సంగతి దాచిన కవరు తెరిచారు.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. రెండు పక్షాలవాళ్లు కలిసి ఒక రాజకీయ ప్రశ్న తేల్చుకోవాలంటే ముందుగా ఏం రాసుకోవాలి?

జవాబు: తర్కశాల

ప్రశ్నను ఒక్క వాక్యంగా రాయండి, ఇద్దరూ సంతకం పెట్టండి. ఏ అంకె ఎంత దాటితే ఎవరి మాట తప్పు అన్నది, ఆ అంకె ఏ పత్రం నుంచి తీసుకుంటారన్నది లెక్క చూడకముందే తేల్చుకోండి. "ఎక్కువ", "బాగా తగ్గింది" వంటి మాటలు ఉంటే చెల్లదు. కాగితం మూడో మనిషి దగ్గర ఉండాలి. ఓట్ల గురించైతే టీవీ పట్టికలు వద్దు, ఎన్నికల సంఘం ఫారం 20 తీసుకోండి, అందులో పోలింగ్ కేంద్రాల వారీగా ఉంటుంది. పోస్టల్ బ్యాలెట్లు చివర విడిగా వేస్తారు. వాటిని కలపాలా వద్దా అన్నది కూడా ముందే రాసుకోండి.