ఇది స్కానా, స్వింగా? ద డబ్ల్యూస్ మొదటి ఆల్బమ్ గురించి ఒక సందేహం

పాతసీడీ:
పోర్ట్‌లాండ్‌లో పాత సీడీల షాపులో ద డబ్ల్యూస్ అనే అమెరికన్ బ్యాండ్ వాళ్ల 'ఫోర్త్ ఫ్రమ్ ద లాస్ట్' (1998) దొరికిందండీ. గాస్పెల్ (క్రైస్తవ భక్తి సంగీతం) అరలో పెట్టారు. భక్తి పాటలే కదా అని పెడితే ట్రంపెట్లూ శాక్సోఫోన్లూ దుమ్ము లేపేశాయి. ఒక ఫ్రెండ్ స్కా (జమైకా డాన్స్ సంగీతం) అంటాడు, ఇంకొకడు స్వింగ్ (జాజ్‌లో ఒక డాన్స్ శైలి) అంటాడు. నేను తాళం వేయబోతే అన్ని పాటలకీ ఒకేలా కుదరట్లేదు. చెవితో ఎలా పట్టుకోవాలి? పైగా చివర్నుంచి నాలుగోది ఏమిటి?

బేస్‌తీగ:
పేరు సంగతి తేలిక. ఇంగ్లిష్ అక్షరాలు వెనక నుంచి లెక్కపెట్టండి: జెడ్, వై, ఎక్స్, డబ్ల్యూ. రెండో ఆల్బమ్ 'ట్రబుల్ విత్ ఎక్స్', 1999. వై దాకా రాకుండానే బ్యాండ్ ఆగిపోయింది.

ఇక తాళం. తొడ మీద దెబ్బ వేస్తూ వినండి. చెయ్యి పైకి లేచినప్పుడల్లా గిటార్ 'చక్' మంటుంటే స్కా. 1950ల చివర్లో జమైకాలో పుట్టిన చక్ అది. అది లేకపోతే గిటార్‌ని వదిలేసి బేస్ (కింది స్వరాలు పలికే గిటార్) పట్టుకోండి. దెబ్బకో స్వరం చొప్పున మెట్లెక్కి దిగుతున్నట్టు నడుస్తుంటే స్వింగ్. అందులో దెబ్బను సమానంగా రెండు ముక్కలు చెయ్యరు. 'తకిట' అనుకోండి, 'తకి' కలిపి ఒక ముక్క, 'ట' ఇంకో ముక్క. నేను బేస్ నేర్చుకునే కొత్తలో ఆ 'ట' ముందే వేసేసి డ్రమ్మర్‌తో ఎన్ని తిట్లు తిన్నానో! వేగం పెరిగేకొద్దీ ఈ వంకర కాస్త చదునవుతుంది. మీ ఫ్రెండ్స్ వాదులాటకి కారణం బహుశా అదే.

పాతసీడీ:
'ద డెవిల్ ఈజ్ బ్యాడ్'కి వేసి చూశా. బేస్ నడక దొరికింది! కానీ ఒకే బ్యాండ్‌కి రెండూ ఎందుకు?

హార్న్‌రాజు:
కాలం అలాంటిదండీ. ద ఓ.సి. సూపర్‌టోన్స్, ఫైవ్ ఐరన్ ఫ్రెంజీ అనే బ్యాండ్‌లు 1996లోనే మొదటి ఆల్బమ్‌లు తెచ్చి క్రిస్టియన్ స్కాకి శ్రోతల్ని తయారుచేసి పెట్టాయి. ఫ్రెంజీ లేబుల్ (రికార్డులు తెచ్చే కంపెనీ) ఫైవ్ మినిట్ వాక్, డబ్ల్యూస్‌దీ అదే. ఇటు రేడియోలో చెర్రీ పాపిన్ డాడీస్, బ్రయన్ సెట్జర్ ఆర్కెస్ట్రా అనే బ్యాండ్‌లతో స్వింగ్ మళ్లీ ఊపందుకుంది. డాడీస్‌ది యూజీన్ ఊరు, డబ్ల్యూస్‌ది కార్వాలిస్. రెండూ ఓరెగన్‌లోనే, కారులో గంట ప్రయాణం. హార్న్‌లు ఊదేవాళ్లు చేతిలో ఉన్నాక రెండు గాలులకీ తెరచాప ఎత్తారు. నాకైతే ఇందులో స్వింగే ఎక్కువ వినిపిస్తుంది.

పాతసీడీ:
పొద్దున్నుంచీ తొడ మీద వాయిస్తున్నా బేస్‌తీగ గారూ. ఆ 'ట' నాకూ ముందే పడుతోంది.

బేస్‌తీగ:
పడుతుంది. నాకు ఆర్నెల్లు పట్టింది.