ఫ్రెంచ్ డిఫెన్సే మన కొంప ముంచిందా?

కోటగుమ్మం: ఆదివారం శ్రీకాకుళం జట్టుతో చెస్ లీగ్ మ్యాచ్ 1.5–2.5తో పోయింది. మూడో బోర్డులో మన విజయనగరం కుర్రాడు నల్లపావులతో ఫ్రెంచ్ ఆడి పావుగంటలో ఓడి లేచాడు. తెల్లబంటు ఈ4 గడిలోకి రాగానే మన బంటుని ఈ6లో పెట్టి, మొదటి ఎత్తుకే సొంత బిషప్‌కి తలుపేసుకునే ఓపెనింగ్ (ఆట మొదలెట్టే ఎత్తుల వరస) పిల్లలకి ఎందుకండీ?

బొబ్బిలి బంటు: ఓపెనింగ్‌ని ఆడిపోసుకోకండి. గేమ్ చూశారా? ఈ4 ఈ6, డీ4 డీ5, ఈ5 సీ5, సీ3, గుర్రం సీ6, గుర్రం ఎఫ్3, మంత్రి బీ6, బిషప్ డీ3. అంతా పుస్తకంలో ఉన్నదే. డీ4లో బంట్లు మారాక అక్కడి తెల్లబంటు ఊరికే దొరికినట్టు కనబడుతుంది. ముందు చెక్ పడకుండా మన బిషప్‌ని డీ7కి తేవాలి. మనవాడు తేకుండా గుర్రంతో కొట్టాడు. గుర్రాలు మారాయి, మన మంత్రి డీ4లో కూర్చుంది. తెల్ల బిషప్ బీ5కి వచ్చి చెక్! అది తప్పుకోగానే వెనకాల డీ1లో ఉన్న వాళ్ల మంత్రికి మన మంత్రి మీదికి దారి తెరుచుకుంది. ఇంకేముంది, మనది పోయింది.

కోటగుమ్మం: నేననేదీ అదే. మళ్లీ ఆ బిషప్పే!

రాజాం పాసింజరు: ఇంతకీ ఫ్రెంచ్ అని ఎందుకంటారు?

బొబ్బిలి బంటు: 1834లో లండన్‌తో ఉత్తరాల మీద ఆడినప్పుడు పారిస్ వాళ్లు వాడారు. 1974లో గ్రాండ్‌మాస్టర్ కార్పోవ్ మీద ఇంకో గ్రాండ్‌మాస్టర్ కోర్చ్‌నోయ్ ఫ్రెంచ్ ఆడి ఒక్క గేమూ ఓడలేదు.

కోటగుమ్మం: కోర్చ్‌నోయ్‌కి మన కుర్రాడిలా పన్నెండేళ్లా?

రిజర్వ్ అమ్మ: జట్టులో రిజర్వ్‌గా ఉన్న మా పాప ఏడాదిగా కారో-కాన్ అనే ఓపెనింగ్ ఆడుతోంది. అందులో ఆ బిషప్ హాయిగా బయటికొస్తుంది. పాప మాత్రం మూడు మ్యాచ్‌లుగా నీళ్ల సీసా పట్టుకుని గోడవార కూర్చుంటోంది.

బొబ్బిలి బంటు: అమ్మా, ఆ గొడవ ఇక్కడెందుకు?

కోటగుమ్మం: ఎందుకేటి? మూడో బోర్డు కుర్రాడు ఎప్పుడూ ఆడేది సిసిలియన్ అనే ఓపెనింగ్. శనివారం రాత్రి పదింటికి ఫోన్ చేసి ఫ్రెంచ్ ఆడమన్నదెవరు మాస్టారూ?

బొబ్బిలి బంటు: నేనే. అవతలి కుర్రాడు సిసిలియన్ బాగా చదివాడని తెలిసింది. అయినా మీకెవరు చెప్పారు?

కోటగుమ్మం: ఆ ఫోన్ ఎత్తింది నేనే. వాడు మావాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. డీ7 సంగతి ఎందుకు చెప్పలేదు?

బొబ్బిలి బంటు: చెబుతుండగా నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయిందండీ.

రిజర్వ్ అమ్మ: సరే, వచ్చే ఆదివారం మూడో బోర్డు ఎవరు?