గూడెప్పాడ్ దగ్గర బండి ఆపి క్లాసు పీకారు, ఉపయోగం ఉంటుందా?

ములుగు వైపు నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బొలెరోలో మిర్చి బస్తాలు తోలుతాను. మొన్న గూడెప్పాడ్ దాటాక పోలీసులు ఆపారు. స్పీడ్ గన్‌లో 84 చూపించారు. చలానా రాసి వదిలేస్తే అయిపోయేది, నలుగురైదుగురు డ్రైవర్లను చెట్టు కింద నిలబెట్టి ఎస్సై గారు అరగంట చెప్పారు. అవతల కాంటా టైమవుతోందని నాకు టెన్షన్. ఇట్లా చెబితే ఎవరన్నా మారతారా అన్నా?

జవాబు 1:
అరగంట ఎక్కువేలే తమ్ముడూ. కానీ లెక్క చూడు. 80 మీద పోతే సెకనుకు 22 మీటర్లు. ముందు ట్రాక్టర్ కనబడి కాలు బ్రేకు మీదికి పోయేసరికే ఒక సెకను అయిపోతుంది, బండి ఆగడం మొదలయ్యేది ఆ తర్వాతే. స్పీడు రెండింతలైతే బ్రేకు వేశాక జారే దూరం నాలుగింతలు. నీది లోడు బండి. మిర్చి సీజన్‌లో వెనుక లైటు లేని ట్రాక్టర్లు ఎన్ని తిరుగుతాయో నీకే తెలుసు. స్పీడుగా పోతే మిగిలే టైమెంత? 40 కిలోమీటర్లు 60లో పోతే 40 నిమిషాలు, 80లో అరగంట. గేటు దగ్గర లైన్‌లో అంతకన్నా ఎక్కువే నిలబడతాం కదా!

జవాబు 2:
ఆ క్లాసు ముందు ఓనర్లకు, అడ్తిదార్లకు చెప్పాలి. ‘ఎక్కడున్నవ్’ అని ఫోన్ల మీద ఫోన్లు కొట్టేది వాళ్లే.

అడిగినవారు:
అది నిజం. ఇంతకీ చలానా నేనా కట్టేది, ఓనరా?

జవాబు 1:
బండి నంబరు మీద పడుతుంది, మెసేజ్ ఓనర్‌కే పోతుంది. జీతంలో కోయకముందే మాట్లాడుకో.