అప్‌డేట్: 2008 నాటి సింథ్1 ట్రాక్‌లు మళ్లీ మోగాయి

కొత్త లాప్‌టాప్‌లో పాత రీపర్ (పాటలు రికార్డ్ చేసి కూర్చే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్ట్ తెరిస్తే సింథ్1 (రీపర్ లోపల సింథసైజర్‌లా మోగే ప్లగిన్) ట్రాక్‌లన్నీ మూగబోయాయని అడిగాను కదా, సమస్య తీరింది. అందరికీ థాంక్స్.

పాత హార్డ్ డిస్క్ పోయిందేమోనని టెన్షన్ పడి, తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర షాపులో చూపించాను. డిస్క్ బాగానే ఉందన్నారు. అసలు సంగతేమిటంటే, నేను కాపీ చేసిన సింథ్1 ప్లగిన్ ఫైల్ (డీఎల్ఎల్) రీపర్ వెతికే ఫోల్డర్లలో లేదు. మీలో ఒకరు చెప్పినట్టు ప్రిఫరెన్సెస్‌లో వీఎస్‌టీ పాత్‌లో (ప్లగిన్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) ఆ ఫోల్డర్ చేర్చి రీస్కాన్ చేశాను, వచ్చేసింది. ప్లగిన్ 32 బిట్‌ది అయినా 64 బిట్ రీపర్ దాన్ని బ్రిడ్జ్ చేసి (మధ్యలో వారధిలాంటి ప్రోగ్రామ్ పెట్టి) నడిపింది. ఏసియో డ్రైవర్ (ఆడియో డ్రైవర్) మార్చడం, విండోస్ మళ్లీ వేయడం అనవసరం.

ఆ పాత ప్రాజెక్ట్ అక్క పెళ్లి వీడియోకి కట్టిన ట్యూన్. నార్డ్ లీడ్ 2 అనే కీబోర్డ్ సింథసైజర్ తరహాలో చేసిన ఆ ఉచిత సింథ్‌లో, ఫిల్టర్ మెల్లగా తెరుచుకునే ఆ ప్యాడ్ (వెనక సాగుతూ వినిపించే స్వరం) అచ్చం అప్పటిలాగే ఉంది. వెంటనే చిత్తూరులో ఉన్న అక్కకు ఫోన్ చేసి వినిపించాను.