కెర్నల్ సెక్యూరిటీ ప్యాచ్ వచ్చిన రోజే రీబూట్ చేయాలా, రెండు వారాలు ఆగాలా?

కొత్త_రూట్:
అందరికీ నమస్కారం. అడ్మిన్ పనిలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. మా సర్వర్లలో నడిచే లైనక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) ప్రివిలేజ్ ఎస్కలేషన్ బగ్ ఒకటి బయటపడింది, అంటే మామూలు యూజర్ రూట్ (మెషీన్ మీద అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అయిపోవచ్చు. లైనక్స్‌ని ప్యాక్ చేసి ఇచ్చే డిస్ట్రో వాళ్ళు ప్యాచ్ కూడా ఇచ్చేశారు. మా టీమ్‌లో ఒక సీనియర్ ఈ రాత్రే వేసి రీబూట్ కొట్టేద్దాం అంటున్నారు, ఇంకొకాయన రెండు వారాలు ఆగి ముందు వేసినవాళ్ళకి ఏమవుతుందో చూద్దాం అంటున్నారు. ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టి నువ్వేమంటావు అని అడుగుతున్నారు. మీరైతే ఏం చేస్తారు?

నిద్రలేని_అడ్మిన్:
ఈ రాత్రే తమ్ముడూ. ప్యాచ్ బయటికొచ్చిందంటే తప్పు ఎక్కడుందో ఊరందరికీ చెప్పేసినట్టే, లైనక్స్‌లో ఫిక్స్ గిట్‌లో (కోడ్ మార్పులన్నీ ఉండే చోటు) బహిరంగంగా ఉంటుంది, పాత కోడూ కొత్త కోడూ పక్కపక్కన పెట్టుకుని చదివితే దాడి చేసేవాడికి దారి దొరికిపోతుంది. సీవీఈ-2024-1086 చూడు (సీవీఈ అంటే బయటపడ్డ సెక్యూరిటీ బగ్‌కి ఇచ్చే నంబర్), కెర్నల్‌లో నెట్‌వర్క్ ప్యాకెట్లని వడగట్టే నెట్‌ఫిల్టర్ టేబుల్స్‌లో యూజ్ ఆఫ్టర్ ఫ్రీ బగ్, అంటే వదిలేసిన మెమరీని మళ్ళీ వాడటం. ఫిక్స్ 2024 జనవరిలో వచ్చింది, మార్చి చివరికి పనిచేసే ఎక్స్‌ప్లాయిట్ (ఆ బగ్‌తో దాడి చేసే కోడ్) ఎవరైనా దించుకునేలా నెట్‌లో ఉంది, మే నెలాఖరుకి అమెరికా సైబర్ ఏజెన్సీ సీసా దాన్ని నిజంగా దాడుల్లో వాడుతున్న బగ్‌ల జాబితాలో చేర్చింది. రెండు వారాలు ఆగుదాం అన్నవాళ్ళలో చాలామంది ఆ మే నెల దాకా ఆగినవాళ్ళే, రెండు వారాలు ఎప్పుడూ రెండు వారాలతో ఆగవు.

పాత_సర్వర్:
నిద్రలేని గారూ, మీరు ఒక వైపే చెప్తున్నారు. ప్యాచ్ అంటే అదీ కోడే, అందులోనూ బగ్ ఉంటుంది. 2023 డిసెంబర్‌లో 6.1.64 స్టేబుల్ (ఫిక్స్‌లు మాత్రమే చేరే) కెర్నల్‌లో ఏమైందో మర్చిపోయారా? ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో డేటా పాడయ్యే బగ్ దూరింది, డెబియన్ డిస్ట్రో వాళ్ళు 12.3 ఇమేజ్‌ల విడుదలే ఆపేశారు. ఆ రోజు వెంటనే అప్‌డేట్ కొట్టిన మంచి అడ్మిన్లందరూ డిస్క్ చెక్‌లు నడుపుకుంటూ కూర్చున్నారు, ఆగినవాళ్ళు హాయిగా 6.1.66కి వెళ్ళారు. ఇంకా పాతది చెప్పనా, 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపానికి విండోస్ 7కి ఇచ్చిన ప్యాచ్ పేజ్ టేబుల్స్‌నే (ఏ మెమరీ ఎవరిదో చెప్పే పట్టికలు) యూజర్ ప్రోగ్రామ్‌లకి తెరిచిపెట్టింది, మెల్ట్‌డౌన్ మెమరీని చదవనిచ్చేది, ఈ ప్యాచ్ రాయనిచ్చింది కూడా. దాన్ని సరిచేయడానికి మార్చి దాకా పట్టింది. రోగం కన్నా మందు ప్రమాదమైంది అక్కడ. తమ్ముడూ, ఆగు. పైగా నీది లోకల్ బగ్, ముందు మెషీన్‌లోకి రావాలి కదా వాడు.

గ్నూ_మనిషి:
రెండు వారాలు ఎక్కువ, మూడు రోజులు చాలు.

పేజ్‌టేబుల్:
"లోకల్" అనే మాట దగ్గర ఆగాలి. లోకల్ అంటే కీబోర్డ్ ముందు కూర్చున్నవాడు అని కాదండీ. ఆ మెషీన్‌లో ఏదో ఒక యూజర్ పేరుతో కోడ్ నడపగలిగినవాడు అని. మీ వెబ్ అప్లికేషన్‌లో చిన్న లోపం వల్ల వాడు వెబ్ సర్వర్ యూజర్‌గా ఒక్క కమాండ్ నడిపితే వాడు ఇప్పుడు లోకల్. కంటైనర్‌లో (అప్లికేషన్‌ని విడిగా నడిపే డబ్బా లాంటిది) ఉన్నవాడు లోకల్, కంటైనర్లన్నిటికీ కింద ఉన్నది ఒకటే కెర్నల్. బ్రౌజర్ ట్యాబ్‌లోంచి శాండ్‌బాక్స్ (బ్రౌజర్ కట్టే కంచె) దాటాలనుకున్నవాడికీ తరచూ పనికొచ్చేది లోకల్ బగ్గే.

పాత_సర్వర్:
అది నాకూ తెలుసు పేజ్‌టేబుల్ గారూ. కానీ ముందు ఇంకో తలుపు పగలాలి, ఆ తలుపు గట్టిగా ఉంటే మనకి టైమ్ ఉన్నట్టేగా, నేను అంటున్నది అంతే.

నిద్రలేని_అడ్మిన్:
ఆ తలుపు గట్టిగా ఉందని ఎవరు చెప్పారు? ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వచ్చింది 2017 మే 12న. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ మార్చి 14నే ఇచ్చింది. దాదాపు రెండు నెలలు! అప్పుడూ అందరూ మీలాగే మా ఫైర్‌వాల్ ఉంది, లోపలి నెట్‌వర్క్‌కి ఏమీ కాదు అన్నారు, బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకునే దాకా వచ్చింది.

పాత_సర్వర్:
వానాక్రై రిమోట్, నెట్‌వర్క్ మీంచే లోపలికొచ్చేది. నేను మాట్లాడేది లోకల్. రెంటినీ కలపకండి.

పేజ్‌టేబుల్:
రెండూ కెర్నల్ బగ్‌లే, వానాక్రై దూరిన ఎస్‌ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్) సర్వర్ డ్రైవర్ కెర్నల్ మోడ్‌లోనే నడిచేది. కానీ పాత_సర్వర్ చెప్పిన తేడా నిజం, రిమోట్‌కి లోకల్‌కి ఒకే గడువు పెట్టరు.

కొత్త_రూట్:
అన్నా ఒక డౌట్, ఏ ప్యాచ్ సెక్యూరిటీది ఏది మామూలుది అని ముందే తెలిస్తే సెక్యూరిటీవి మాత్రం వెంటనే వేసి మిగతావి ఆపుకోవచ్చు కదా?

పేజ్‌టేబుల్:
తెలియదు తమ్ముడూ, అసలు ఇబ్బంది అక్కడే. నేను డ్రైవర్లు రాసేవాడిని, నేను పంపిన ఫిక్స్‌లలో ఏది దాడికి పనికొచ్చే బగ్‌దో నాకే తెలియదు. డర్టీ పైప్ అనే కెర్నల్ బగ్ సంగతి చూడు, అది దొరికిందే పాడైపోయిన లాగ్ ఫైల్ వల్ల. కస్టమర్ ఫైల్ తెరవలేకపోతున్నా అని ఫిర్యాదు చేశాడు, జీజిప్ ఫైల్ చివర చెక్‌సమ్ (ఫైల్ సరిగా ఉందో చూసే అంకె) సరిపోవట్లేదు, ఇదేదో డిస్క్ లోపమో మెమరీ లోపమో అనుకోవాల్సిన విషయం. నెలల తరబడి తవ్వితే చివరికి తేలింది ఏంటంటే పైప్ (ప్రోగ్రామ్‌ల మధ్య డేటా పంపే గొట్టం) బఫర్‌లో ఒక ఫ్లాగ్‌ని ఖాళీ చేయడం మర్చిపోయారు, దానితో చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్‌ని కూడా పేజ్ క్యాష్‌లో (మెమరీలో ఉంచుకునే ఫైల్ కాపీ) మార్చేయొచ్చు, అంటే ఎవడైనా రూట్ అవ్వొచ్చు. ఫిక్స్ చాలా చిన్నది, ఫ్లాగ్స్‌ని సున్నా చేయడం. 2022 ఫిబ్రవరి 23న స్టేబుల్ కెర్నల్స్‌లోకి వచ్చేసింది, లోకానికి చెప్పింది మార్చి 7న. ఆ మధ్య 12 రోజులు ఆ లైన్లు చూసి ఇది సెక్యూరిటీది అని ఎంతమంది పట్టుకుని ఉంటారు?
అందుకే 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ టీమే సొంతంగా సీవీఈ నంబర్లు ఇస్తోంది, బగ్ ఫిక్స్ అనిపించినదానికల్లా దాదాపు నంబర్ పడుతుంది, ఒక్క ఏడాదిలో వేలల్లో వచ్చాయి. ఏరుకుని వేయకండి, స్టేబుల్ మొత్తం తీసుకోండి అనేది వాళ్ళ మాట.

పాత_సర్వర్:
ఇదిగో ఇదే! వేల సీవీఈలు. ప్రతిదానికీ ఆ రోజే రీబూట్ అంటే ఇంక మెషీన్ పైకి లేచేదెప్పుడు, పని చేసేదెప్పుడు? డర్టీ పైప్ విషయంలోనే చూడండి, దెబ్బ తిన్నది 5.8 తర్వాతి కెర్నల్సే. 4.19, 5.4 మీద కూర్చున్నవాళ్ళకి ఏమీ కాలేదు. కొత్తదానికి పరిగెత్తినవాడే దొరికాడు అక్కడ.

నిద్రలేని_అడ్మిన్:
డర్టీ కౌ మరి? అదీ మామూలు యూజర్‌ని రూట్ చేసే బగ్గే. 2007 నాటి 2.6.22 నుంచి 2016 అక్టోబర్ దాకా తొమ్మిదేళ్ళు ఉంది. పాత కెర్నల్ పట్టుకుని కూర్చున్నవాళ్ళందరి దగ్గరా ఉంది. మీకు కావాల్సిన ఉదాహరణ మీరు తీసుకుంటున్నారు.

పాత_సర్వర్:
మీరు తీసుకోవట్లేదా? ఆ డర్టీ కౌకే లైనక్స్ సృష్టికర్త లైనస్ 2016 ఫిక్స్‌కి పదకొండేళ్ళ ముందు ఒకసారి ఫిక్స్ వేశాడు, ఎస్390 (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్) మీద తేడా వచ్చిందని వెనక్కి తీసేశారు, ఆయనే 2016 ఫిక్స్ కమిట్‌లో (మార్పుతో పాటు రాసే నోట్) రాసుకున్నాడు. 2016 ఫిక్స్ కూడా పూర్తిగా సరిపోలేదు, 2017 నవంబర్‌లో హ్యూజ్ పేజీల (పెద్ద మెమరీ ముక్కల) దగ్గర మళ్ళీ తేలింది. ప్యాచ్ వేశాం కాబట్టి అయిపోయింది అనే నమ్మకం ఉందే, దాంతోనే నాకు గొడవ.

రాత్రి_షిఫ్ట్:
లైవ్‌ప్యాచ్ వాడండి, రీబూట్ గోలే ఉండదు.

పేజ్‌టేబుల్:
కొంతవరకే అండీ. లైవ్‌ప్యాచ్ అంటే పాత ఫంక్షన్ మొదట్లో దారి మళ్ళించి కొత్త ఫంక్షన్‌కి పంపడం. ఫంక్షన్ లోపల ఒక చెక్ కలపాలంటే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, డేటా స్ట్రక్చర్ ఆకారమే మారిపోతే కష్టం, మెమరీలో అప్పటికే పాత ఆకారంలో ఉన్నవాటిని ఏం చేస్తావు. అది మీకు రీబూట్‌ని వాయిదా వేస్తుంది, ఎత్తేయదు.

నిద్రలేని_అడ్మిన్:
ఇంకోటి కూడా చెప్పాలి. ప్యాకేజ్ ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేయని మెషీన్లు ఎన్ని చూశానో. రిపోర్ట్‌లో పచ్చ టిక్, యూనేమ్ కమాండ్ కొడితే నడుస్తున్నది పాత కెర్నలే. నేను ఎందుకింత గట్టిగా చెప్తున్నానో వినండి. అప్పట్లో నేను చేసిన చోట నెలకి ఒక్కసారే రీబూట్‌కి అనుమతి. ప్యాచ్ వేయాలని మూడు మెయిల్స్ పెట్టాను, ప్రతిసారీ వచ్చే నెల అన్నారు. ఆరు వారాలు గడిచాయి. ఒక వెబ్‌సైట్ ప్లగిన్‌లోంచి ఒకడు లోపలికొచ్చాడు, వాడికి దొరికింది వెబ్ యూజర్ మాత్రమే, అక్కడితో ఆగిపోవాల్సిన వాడు పాత కెర్నల్ పుణ్యమా అని రూట్ అయ్యాడు, ఆ మెషీన్ మీదున్న మిగతా అందరి ఫైళ్ళూ వాడివైపోయాయి. నాలుగు రోజులు నిద్ర లేదు. తర్వాత మీటింగ్‌లో అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, నువ్వు ఎందుకు ప్యాచ్ వేయలేదు అని. నన్ను! మెయిల్స్ చూపిస్తే గట్టిగా చెప్పాల్సింది అన్నారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు. అందుకే ఆగుదాం అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, నీలాంటివాళ్ళు ఆగుదాం ఆగుదాం అని హాయిగా పడుకుంటారు, తుడిచేది మాత్రం మేము.

పాత_సర్వర్:
ఏకవచనంలోకి దిగారా, మంచిది. హాయిగా పడుకున్నానా నేను? అయితే నువ్వూ విను. నువ్వు చెప్పినట్టే చేశాను నేను, ప్యాచ్ వచ్చిన రోజు రాత్రే. స్టోరేజ్ కార్డ్‌కి కెర్నల్‌తో రాని డ్రైవర్, బయటి నుంచి తెచ్చి బిల్డ్ చేసుకోవాల్సినది. కొత్త కెర్నల్‌కి ఆ మాడ్యూల్ బిల్డ్ అవ్వలేదు, ఎర్రర్ ఎక్కడో లాగ్‌లో మూలన పడింది, నేను చూడలేదు, అది నా తప్పే ఒప్పుకుంటా. రీబూట్ చేస్తే బూట్ మొదట్లో లోడ్ అయ్యే ఇనిట్ ర్యామ్ ఇమేజ్‌లో డ్రైవర్ లేదు, రూట్ డిస్క్ కనపడలేదు. ఒకటి కాదు, స్క్రిప్ట్‌లో పెట్టా కదా, నలభై మెషీన్లు. ఒక్కోదానికి కన్సోల్ పట్టుకుని పాత కెర్నల్‌లోకి బూట్ చేసుకుంటూ మర్నాడు మధ్యాహ్నం అయింది. నాకు రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు. ప్యాచ్ వేయమని చెప్పిన సెక్యూరిటీ టీమ్‌కి ఎవరూ ఒక్క మాట అనలేదు. ప్యాచ్ వేయకుండా కూర్చున్న పక్క టీమ్‌కి ఆ ఏడాది ఒక్క నిమిషం కూడా డౌన్‌టైమ్ లేదని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఇప్పుడు చెప్పు, ఎవరి దగ్గర నేర్చుకోవాలి నేను?

బైట్_భామ:
ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకోండి. ఇద్దరి కథా ఒకటేలా ఉంది.

గ్నూ_మనిషి:
నలభై ఒకేసారి చేయడం తప్పు. అది ప్యాచ్ తప్పు కాదు.

పాత_సర్వర్:
తప్పే అన్నానుగా. ఇప్పుడు అలా చేయను. ముందు రెండు, తర్వాత నాలుగు, ఒక రోజు చూసి మిగతావి.

నిద్రలేని_అడ్మిన్:
ఆగు ఆగు. ముందు రెండు, తర్వాత నాలుగు, మర్నాడు మిగతావి అంటే రెండు రోజుల్లో అయిపోయింది. నేనూ చేసేది అదే. మరి రెండు వారాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

పాత_సర్వర్:
సంతకం కోసం. సర్వీస్ ఎవరిదో వాళ్ళు రీబూట్‌కి ఒప్పుకున్నాం అని రాసివ్వాలి, అది రావడానికి రెండు వారాలు పడుతుంది. అది లేకుండా నేను ఒక్క మెషీన్ కూడా ముట్టుకోను, ఆ వార్నింగ్ తర్వాత ఒట్టు పెట్టుకున్నా.

నిద్రలేని_అడ్మిన్:
అంటే ఇంతసేపూ ఈఎక్స్‌టీ4 గురించి, లోకల్ గురించి మాట్లాడింది దీనికోసమా? ప్యాచ్ మీద భయం కాదు నీది.

పాత_సర్వర్:
ప్యాచ్ మీదా ఉంది. కానీ ఎక్కువ భయం ఇదే, అవును. ఆ సర్వీస్ ఆగితే దెబ్బ తినేది వాళ్ళు, ఎప్పుడు ఆపాలో చెప్పే హక్కు వాళ్ళది. నేను మెషీన్ కాపలావాడిని, యజమానిని కాదు.

నిద్రలేని_అడ్మిన్:
నేను ఒప్పుకోను. నా దగ్గర ఆ రోజు పోయిన ఫైళ్ళు సంతకం పెట్టాల్సినవాడివి కావు, ఆ మెషీన్ మీద అకౌంట్ పెట్టుకున్న మామూలు జనానివి. ఆగుదామా అని వాళ్ళని ఎవరు అడిగారు? రీబూట్‌కి పది నిమిషాలు సర్వీస్ ఆగితే మళ్ళీ వస్తుంది, బయటికి పోయిన డేటా వెనక్కి రాదు. కెర్నల్ ప్రమాదం ఎంతో చదివి అర్థం చేసుకోగలిగింది మనమే, అలాంటప్పుడు నిర్ణయం కూడా మనమే తీసుకోవాలి, పైవాళ్ళకి తెలియజేయాలి అంతే, అడగకూడదు.

పాత_సర్వర్:
తెలియజేసి చేస్తే రేపు బూట్ అవ్వనప్పుడు వార్నింగ్ నీకు రాదా?

నిద్రలేని_అడ్మిన్:
వస్తుంది. వచ్చినా సరే.

పాత_సర్వర్:
నాకు రాకూడదు. ఇంట్లో నా జీతం మీద ఆధారపడ్డవాళ్ళు ఉన్నారు.

బైట్_భామ:
సీవీఈ తీవ్రత స్కోర్ ఇంత దాటితే ఇన్ని గంటల్లో రీబూట్ అని ఒక్కసారి ముందే సంతకం చేయించుకోవచ్చు కదా, ప్రతిసారీ అడగకుండా. మా దగ్గర అలాగే.

పేజ్‌టేబుల్:
ఐడియా బాగుంది, కానీ స్కోర్ మీద పెట్టకండి, కెర్నల్ టీమ్ సొంతంగా స్కోర్‌లు ఇవ్వట్లేదు, బయటివాళ్ళు వేసే స్కోర్‌లు ఒకదానికొకటి పొంతన ఉండవు. నెలకి ఒకటి రెండు తప్పనిసరి రీబూట్‌లు, ఎక్స్‌ప్లాయిట్ బయట కనిపిస్తే వెంటనే, అలా రాయించుకోండి.
కొత్త_రూట్, ఈలోగా నీ మెషీన్ మీద మామూలు యూజర్లు యూజర్ నేమ్‌స్పేస్‌లు (లోపల తామే రూట్‌లా కనిపించే విడి గదులు) సృష్టించుకునే వీలుంటే, మీ అప్లికేషన్లకి అవసరం లేదని చూసుకుని అది ఆపెయ్. నెట్‌ఫిల్టర్ బగ్‌లలో చాలావాటికి అదే మెట్టు. రూట్‌లెస్ కంటైనర్లు (మామూలు యూజర్ నడిపేవి) ఉంటే మాత్రం ఆగిపోతాయి, జాగ్రత్త. ఇది ప్యాచ్‌కి బదులు కాదు.

కొత్త_రూట్:
థాంక్స్ అన్నా, చూస్తా. మా దగ్గర కూడా సంతకం గొడవే అనుకుంటా, ఆ సీనియర్‌ని రేపు నేరుగా అడుగుతా.

పాత_సర్వర్:
నా వైపు సంగతి చెప్తున్నా. ఈ బగ్ మా దగ్గరా ఉంది. టెస్ట్ మెషీన్లు రెండూ ఇప్పుడే కొత్త కెర్నల్‌లోకి బూట్ అయ్యాయి, మాడ్యూల్ లోడ్ అయింది, ఈసారి లాగ్ మొత్తం చదివా. మిగతా వాటికి మెయిల్ పెట్టా.

నిద్రలేని_అడ్మిన్:
జవాబు రాకపోతే ఎన్ని రోజులు ఆగుతారు?