ఏటీ సగం దూరం దగ్గరపడింది: ఐస్‌క్రీమ్ సరే, బూట్లు, తిండి, తేదీల సంగతేంటి?

షెనాండోవా_నీడ

అందరికీ నమస్కారం. అప్పలేచియన్ ట్రెయిల్ (ఏటీ), అంటే అమెరికా తూర్పున జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ దాకా పోయే కాలిబాట, జార్జియా వైపు నుంచి నడుస్తున్నాను. ఇప్పుడు వర్జీనియాలోని షెనాండోవా పార్కులో ఉన్నాను. ఇదే వేగంతో పోతే జులై 5కి పెన్సిల్వేనియాలోని పైన్ గ్రోవ్ ఫర్నేస్ చేరతాను. అడగాల్సినవి నాలుగు.

1. సగం అంటే కచ్చితంగా ఎక్కడ? కొందరు హార్పర్స్ ఫెర్రీ అంటారు, కొందరు పైన్ గ్రోవ్ అంటారు.
2. సగం దారి చేరినందుకు పైన్ గ్రోవ్‌లో హైకర్లు కట్టే అర గ్యాలన్ ఐస్‌క్రీమ్ పందెంలో గుడ్డు తినని శాకాహారులు ఏ రకం తీసుకోవాలి?
3. వర్జీనియాలోని డేల్‌విల్‌లో కొన్న బూట్లతో పెన్సిల్వేనియా రాళ్లు దాటొచ్చా?
4. అక్టోబర్ మొదటివారంలో కటాడిన్ ఎక్కాలంటే రోజుకి ఎన్ని మైళ్లు పడాలి?

ఎడిసన్‌లో ఉన్న అక్క పార్సిళ్లు పంపుతానంది. ఏం పంపమనాలో కూడా చెప్పండి.

బ్లూరిడ్జ్_బాబాయ్

ముందు సగం సంగతి. హార్పర్స్ ఫెర్రీ మనసుకి సగం, కొలతకి కాదు. జార్జియాలో దారి మొదలయ్యే స్ప్రింగర్ కొండ నుంచి అక్కడికి దాదాపు 1,025 మైళ్లు. ట్రెయిల్ సంస్థ ఆఫీసు ఆ ఊళ్లోనే ఉంది, త్రూ హైకర్లకి (మొత్తం దారి నడిచేవాళ్లకి) ఫొటో తీసి ఆ ఏడాది ఆల్బమ్‌లో పెడతారు. అందుకే ఆ పేరు వచ్చింది. అసలు సగం ఇంకో 73, 74 మైళ్లు ముందుంది, పైన్ గ్రోవ్ ఫర్నేస్ పార్కుకి కాస్త దక్షిణాన అడవిలో. అక్కడ చెక్క బోర్డు కనపడుతుంది. కానీ దారిని ఎక్కడో ఒకచోట పక్కకి జరుపుతూనే ఉంటారు కాబట్టి మొత్తం పొడవు ఏటా కాస్త మారుతుంది (ఇప్పుడు సుమారు 2,197 మైళ్లు), దాంతో సగం కూడా జరుగుతుంది. బోర్డు దగ్గర ఫొటో దిగు, ఫోన్‌లో మైలు అంకె తేడా చూపిస్తే కంగారు పడకు.

ఇక నాలుగోది, అన్నిటికన్నా అదే ముఖ్యం. పైన్ గ్రోవ్ నుంచి మిగిలేది 1,090 మైళ్ల పైన. జులై 5 నుంచి అక్టోబర్ 5కి 92 రోజులు. వారానికో విశ్రాంతి రోజు తీసేస్తే నడిచేవి 79. భాగిస్తే రోజుకి 14 మైళ్లు కూడా రావు, "ఓస్ ఇంతేనా" అనిపిస్తుంది. ఆ సగటే మోసం. న్యూ హాంప్‌షైర్, మెయిన్ కలిపి సుమారు 443 మైళ్లు. వైట్ మౌంటెన్స్‌లోనూ దక్షిణ మెయిన్‌లోనూ వర్జీనియాలో 18 నడిచిన కాళ్లు 10 నడిస్తే గొప్ప. ఆ రెండు రాష్ట్రాలకి రోజుకి 11 చొప్పున 40 రోజులు పక్కన పెట్టు. ముందున్న 650 మైళ్లకి 38, 39 రోజులే మిగులుతాయి, అంటే రోజుకి 17. నీ టార్గెట్ అదీ, 14 కాదు. కటాడిన్ ఉన్న బాక్స్టర్ పార్కులో క్యాంపింగ్ అక్టోబర్ 15తో ఆగిపోతుంది, కొండ మీద వాతావరణం అంతకంటే ముందే తిరగబడొచ్చు. పది రోజుల వెసులుబాటు ఉంచుకో.

నాలుగు రాష్ట్రాల పందెం జోలికి మాత్రం పోకు. వర్జీనియా సరిహద్దు నుంచి పెన్సిల్వేనియా సరిహద్దు దాకా ఒక్క రోజులో 40 మైళ్ల పైన దాటించే ఆట అది. కలిసొచ్చేది ఒకటిన్నర రోజు. మడమ నరం పట్టేస్తే పోయేది వారం.

బూట్ల మాట: పాతవాటినే పెన్సిల్వేనియా చివరనున్న డెలావేర్ వాటర్ గ్యాప్ దాకా లాగించు. ఆ రాళ్లు కొత్త జతని కూడా నమిలేస్తాయి, డబ్బు దండగ.

పెసరట్టు_ప్యాక్

ఐస్‌క్రీమ్, తిండి నాకు వదిలేయండి.

అర గ్యాలన్ అంటే 1.89 లీటర్లు. డబ్బాలు ఒకటిన్నర క్వార్ట్‌కి కుదించుకుపోయాయి కాబట్టి పైన ఇంకో పైంట్ కలిపితేనే లెక్క సరి. మామూలు రకమైతే మొత్తం 2,200 నుంచి 2,700 కేలరీలు. గెలిస్తే చేతికొచ్చేది ఒక చెక్క చెంచా. గుడ్డు తినకపోతే "ఫ్రెంచ్ వెనిలా" వద్దు, అందులో పచ్చసొన ఉంటుంది. మార్ష్‌మెలో కలిసిన రాకీ రోడ్ లాంటివాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. మామూలు వెనిలా, చాక్లెట్, స్ట్రాబెర్రీ చాలావరకు ఫర్వాలేదు, అయినా డబ్బా వెనక చదువు. వేరుశెనగ ముద్ద, కుకీ ముక్కలు ఉన్నవి సగానికే వెగటు పుట్టిస్తాయి. పైంట్‌కి వేరే రుచి తీసుకో, నాలుక మొద్దుబారినప్పుడు అదే పనికొస్తుంది. టైం పరిమితి లేదు కాబట్టి పైపొర కరుగుతుండగా అంచుల నుంచి తిను. నెలల తరబడి పాలు ముట్టని కడుపైతే లాక్టోజ్ తన్నేస్తుంది. ముందు రెండు మూడు రోజులు కాస్త పాలపొడి అలవాటు చెయ్యి, తిన్నాక కొండెక్కే ప్లాన్ పెట్టుకోకు. పక్కనే పాత పిండిమరలో ట్రెయిల్ మ్యూజియం ఉంది, తిన్నాక ఓ గంటన్నర అక్కడ గడపొచ్చు.

అక్కయ్యతో పంపించాల్సినవి:

ఉప్మా మిక్స్. సన్న రవ్వే వాడమను. లావు రవ్వని సన్నసెగ మీద ఉడకనివ్వాలి, అంత గ్యాస్ నీ దగ్గర ఉండదు. 100 గ్రాముల వేయించిన రవ్వకి 270 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, గిన్నెని జాకెట్‌లో చుట్టి పది నిమిషాలు ఉంచాలి. పోపులో శెనగపప్పు వెయ్యొద్దు, ఇలా నానబెడితే పంటికింద రాయిలా ఉంటుంది. జీడిపప్పు, ఆవాలు, ఎండుమిర్చి చాలు. నూనెలో వేసిన పోపు ఎండాకాలంలో నెల దాటితే మక్కు వాసన కొడుతుంది, అందుకే మూడేసి వారాల సరుకే కట్టించు.

ప్రొటీన్‌కి మీల్ మేకర్ రవ్వ, అంటే ఉండలు కాదు, పొడిలా ఉండేది. 30 గ్రాములకి 15 గ్రాముల దాకా ప్రొటీన్, ఉప్మాలోనో ఇన్‌స్టంట్ అన్నంలోనో కలిసిపోతుంది. కందిపొడి, పల్లీ చిక్కీ సరేసరి. పచ్చళ్ల సీసాలు వద్దని చెప్పు, బరువూ జిడ్డూ. పూటకి రెండు పెద్ద చెంచాల (టేబుల్ స్పూన్ల) నూనె కలిపితే 240 కేలరీలు ఊరికే వస్తాయి. అంత తేలిగ్గా మోయగలిగిన తిండి ఇంకోటి లేదు.

పార్సిల్ మీద "జనరల్ డెలివరీ" అని, నీ పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు, చేరే తేదీ రాయించు. చిన్న ఊళ్ల పోస్టాఫీసులు శనివారం మధ్యాహ్నానికే మూస్తాయి, ఆదివారం తెరవవు. జులై 4 సెలవు కూడా నీ దారికి అడ్డంగానే ఉంది.

రాయిమీద_రాయి

బాబాయ్ గారూ, బూట్ల విషయంలో మీతో ఒప్పుకోలేను. లెక్క చూడండి. డేల్‌విల్ నుంచి పైన్ గ్రోవ్‌కి దాదాపు 375 మైళ్లు, డంకనన్‌కి 420, పోర్ట్ క్లింటన్‌కి 490, డెలావేర్ వాటర్ గ్యాప్‌కి 565. ట్రెయిల్ రన్నర్ల (తేలికపాటి కొండదారి బూట్ల) లోపలి స్పాంజి 400 దాటాక చచ్చిపోతుంది, పైకి బాగానే కనపడినా. ఘోరమైన రాళ్లు పోర్ట్ క్లింటన్ తర్వాతి 75 మైళ్లలో ఉన్నాయి. బొబ్బలు అక్కడ అసలు సమస్య కాదు. నిలబెట్టిన పలకరాళ్ల అంచులు రోజంతా అరికాలిని గుచ్చడం వల్ల లోపల కమిలిపోతుంది. అరిగిన అడుగుతో అది రెండో రోజుకే మొదలవుతుంది. రాక్ ప్లేట్ (అడుగున రాళ్లు గుచ్చకుండా పెట్టే గట్టి పలక) ఉన్న కొత్త జతని పోర్ట్ క్లింటన్ పక్కనున్న హాంబర్గ్‌లో, లేదా అంతకుముందే తెప్పించుకోవాలి. అర సైజు పెద్దది, వెయ్యి మైళ్లకి పాదం చదునై పొడుగవుతుంది. ఆ రాళ్లకి కొత్త జత అరిగిపోతే పోనీ, కాలు మిగులుతుంది.

ఇప్పుడున్న జత చచ్చిందా లేదా చూసుకోవడానికి: చేత్తో మడిచి చూడు. వేళ్ల మొదట్లో కాకుండా మధ్యలో గుడ్డముక్కలా ముడుచుకుంటే అయిపోయినట్టే.

నీళ్లు. పెన్సిల్వేనియా దారి చివరి సగం కొండ నడినెత్తి మీదే పోతుంది, ఊటలన్నీ కిందికి దిగితే గానీ దొరకవు. జులైలో చాలావరకు ఎండిపోతాయి. లీహై గ్యాప్ దగ్గర కింద నుంచే 4 లీటర్లు నింపుకొని ఎక్కు. పామర్టన్ జింక్ కర్మాగారపు పొగకి చెట్లు చచ్చిన కొండ అది, శుద్ధి చెయ్యాల్సిన విషస్థలాల జాబితాలో ఉంది. నీడ ఉండదు, రాళ్లెక్కడానికి చేతులు కూడా కావాలి. పొద్దున ఎనిమిదిలోపు దాటు. పైన్ గ్రోవ్ దాటాక వచ్చే కంబర్లాండ్ లోయ మొక్కజొన్న చేలల్లోనూ నీడ ఉండదు, పొద్దున్నే బయల్దేరు. పైగా అక్కడ బాయిలింగ్ స్ప్రింగ్స్ దగ్గరి స్థలం తప్ప మధ్యలో ఎక్కడా గుడారం వెయ్యనివ్వరు.

షెనాండోవా_నీడ

చాలా థాంక్సండీ. సరే, హాంబర్గ్‌లోనే బూట్లు. ఇంకో రెండు: ఏదైనా జరిగి పైన్ గ్రోవ్‌కి జులై 25 అయితే? పిడుజులకి మందేం వాడాలి?

బ్లూరిడ్జ్_బాబాయ్

బూట్ల లెక్క ఒప్పుకుంటున్నా, 565 మరీ ఎక్కువే.

జులై 25 అయితే ఉత్తరానికి పోవద్దు, దిశ తిప్పెయ్. అక్టోబర్ 10కి 77 రోజులు, ఎనిమిది విశ్రాంతికి పోతే 69. చివరి రెండు రాష్ట్రాలకి 40 తీసేస్తే 650 మైళ్లకి 29 రోజులు. రోజుకి 22 పైన, అదీ రాళ్లలో, ఉక్కలో. హారిస్‌బర్గ్‌లో రైలెక్కి న్యూయార్క్, బోస్టన్ మీదుగా మెయిన్‌కి పో. బ్యాంగర్ నుంచి మిల్లినాకెట్ దాకా బండి మాట్లాడుకోవాలి. ఆగస్టు 1న కటాడిన్ నుంచి కిందికి మొదలుపెడితే అదే లెక్కన అక్టోబర్ నెలాఖరుకి పైన్ గ్రోవ్‌లో ఉంటావు. రికార్డుకి ఏ వైపు నడిచావన్నది పట్టదు, మైళ్లన్నీ ఉంటే చాలు. అప్పుడు పెన్సిల్వేనియాలో వేటగాళ్లు తిరుగుతుంటారు, మెరిసే నారింజ రంగు టోపీ, జాకెట్ పెట్టుకో. రాలిన ఆకులు రాళ్లని కప్పేస్తాయి కాబట్టి కర్రతో తట్టి చూసి అడుగెయ్యి.

చలి సామాను ఎటు వెళ్లినా మర్చిపోకు. నేరుగా పోతే మైనస్ 7 డిగ్రీల స్లీపింగ్ బ్యాగ్, గ్లవ్స్ హానోవర్‌కి తెప్పించుకో, వైట్ మౌంటెన్స్ దాని తర్వాతే. తిప్పితే మొదటి రోజు నుంచే వీపు మీద ఉండాలి.

పెసరట్టు_ప్యాక్

పిడుజులకి: 0.5 శాతం పెర్మెత్రిన్ బట్టలకీ బూట్లకీ కొట్టి ఆరబెట్టు, ఒంటికి రాయకూడదు. ఆరు ఉతుకుల దాకా పనిచేస్తుంది. అక్క పార్సిల్‌లో సీసా పెట్టించు. లైమ్ జబ్బు ఎక్కువగా అంటించేది గసగసం గింజంత పిల్ల పిడుజు, అందుకే రోజూ రాత్రి మోకాలి వెనక, గజ్జలు, బొడ్డు, చెవుల వెనక వేలితో తడిమి చూడాలి. కనపడితే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగు. నూనె, అగ్గిపుల్ల లాంటివి పెట్టకు, దాని కడుపులోది లోపలికి కక్కేస్తుంది. నల్ల కాళ్ల పిడుజు 36 గంటలకి పైగా పట్టుకుని ఉన్నట్టు ఉబ్బి ఉంటే, దాన్ని తీసిన 72 గంటల్లోపు క్లినిక్‌కి పో, పెద్దవాళ్లకి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఒక్క డోసు ఇస్తారు. ఆ మందు వేసుకున్నాక ఎండకి చర్మం త్వరగా కాలుతుంది, ఫుల్ చేతుల చొక్కా తొడుక్కో.